పల్సర్ 150 వెనక టైర్ మార్చాలి: 100/90 వేయాలా, 120/80 వేయాలా?

ప్రశ్న: "నాది 2018 పల్సర్ 150, వెనక డ్రమ్ బ్రేక్ ఉన్న మోడల్, ట్యూబ్‌లెస్ టైర్లు. ఇన్నాళ్లూ నాన్న ఊళ్లో తిప్పారు. ఏడాదిగా నేను రోజూ నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్లి వస్తున్నాను. ఆదివారాలు భార్య, పాపతో మా ఊరు వెళ్తాం, చివరి మూడు కిలోమీటర్లు నల్లరేగడి మట్టి రోడ్డు. వెనక టైర్ మధ్యలో నున్నగా అయిపోయింది. మెకానిక్ 100/90 తీసేసి 120/80 వేయించుకో, గ్రిప్ పెరుగుతుంది, లుక్కు బాగుంటుంది అంటున్నాడు. వేయించమంటారా? ఏ కంపెనీది మంచిది? ముందు టైర్ కంపెనీ నుంచి వచ్చిందే, గాట్లు బానే ఉన్నాయి. దాన్ని ఇంకో ఏడాది లాగొచ్చా?"

జవాబు:

120/80 వద్దు. 100/90-17 వేయించండి. ముందు టైర్‌ని ఇంకో ఏడాది లాగొద్దు, వీలైతే రెండూ ఒకేసారి మార్చండి. ఒక్కదానికే డబ్బులున్నాయంటే ఏది ముందో కూడా కింద చెప్తాను. చాలా ఏళ్లుగా టైర్ల పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట లావు టైర్ సంగతి. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువ మంది అడిగేది ఇదే. టైర్ వెడల్పుగా ఉంటే రోడ్డుకి ఎక్కువ ఆనుతుంది, కాబట్టి పట్టు పెరుగుతుంది అనుకుంటారు. కానీ టైర్ ఎంత ఆనుతుందనేది ముఖ్యంగా దాని మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. పైగా మీ రిమ్ము 100 టైర్‌కి చేసింది. 120 టైర్ దాని మీద ఎక్కించినప్పుడు రెండు బీడింగులూ (రిమ్ములో కూర్చునే టైర్ అంచులు) ఉండాల్సిన దానికన్నా దగ్గరికి వస్తాయి. అంచుల్ని దగ్గరికి నొక్కితే నడుము పైకి లేస్తుంది. వెడల్పుగా ఆనాల్సిన టైర్ మధ్యలో కోసుగా తయారై, నిటారుగా వెళ్లేటప్పుడు మధ్య పట్టీ మాత్రమే రోడ్డుకి తగులుతుంది. మీరు రోజూ నడిపేది చాలావరకు తిన్నని రోడ్డు మీదే కాబట్టి ఆ మధ్య భాగం ఇంకా తొందరగా అరుగుతుంది. అంటే ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ పట్టు కొనుక్కున్నట్టు అవుతుంది.

కొలతలు లెక్క వేసి చూద్దాం. 100/90-17లో 100 అంటే టైర్ వెడల్పు మిల్లీమీటర్లలో. 90 అంటే ఆ వెడల్పులో 90 శాతం టైర్ ఎత్తు, అంటే 90 మిల్లీమీటర్లు. 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, దాదాపు 432 మిల్లీమీటర్లు. పైన 90, కింద 90 కలిపితే చక్రం మొత్తం వ్యాసం 612. అదే 120/80 అయితే ఎత్తు 96, మొత్తం వ్యాసం 624. చక్రం 12 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది, వెనక భాగం 6 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. చక్రం ఒక్కో చుట్టుకి రెండు శాతం ఎక్కువ దూరం పోతుంది కాబట్టి గేరు ఆ మేరకు బరువెక్కుతుంది. ముగ్గురితో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ తగ్గినట్టు తెలుస్తుంది. టైర్ బరువు పెరుగుతుంది కాబట్టి మైలేజీ కూడా కొంత పోతుంది. ఇక అటూ ఇటూ పది పది మిల్లీమీటర్లు పెరిగితే చైన్ కవర్‌కీ మడ్‌ఫ్లాప్‌కీ రాసుకునే ప్రమాదం ఉంది. ఖాళీ బండి మీద షాపులో చూస్తే రాసుకోదు. ముగ్గురు కూర్చుని గుంతలో పడ్డప్పుడు రాసుకుంటుంది.

మీ మెకానిక్ ఊరికే చెప్పలేదు. పల్సర్ 150లోనే రెండు డిస్కులున్న మోడల్‌కి కంపెనీయే వెనక 120/80-17 ఇచ్చింది. అది చూసే అంటున్నాడు. కానీ ఆ బండికి వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, మీ బండి కన్నా ఎక్కువ, ముందు టైర్ కూడా 90/90-17. అంటే మొత్తం బండిని ఆ టైర్లకి తగ్గట్టు కూర్చారు. మీ బండికి వెనకది ఒక్కటే తెచ్చి పెడితే ముందు సన్నగా, వెనక లావుగా ఉండి వంపుల్లో బండి వంగడానికి మొరాయిస్తుంది.

ఎలాగైనా కొంచెం లావు కావాలని మనసు లాగితే 110/80-17 దాకా ఆలోచించవచ్చు. దాని వ్యాసం 608, మీ అసలు టైర్‌కి దగ్గరలోనే ఉంటుంది. అయితే మొదట మీ వెనక రిమ్ము మీద పోతపోసిన అంకె చదవండి. 1.85 అనో 2.15 అనో ఉంటుంది, పక్కనే 17 ఉంటుంది. మొదటి అంకె రిమ్ము లోపలి వెడల్పు అంగుళాల్లో. ఏ టైర్‌కి ఎంత రిమ్ము సరిపోతుందో తయారీదారు పట్టికలో ఉంటుంది, డీలర్‌ని అడిగితే చూపిస్తాడు. పట్టికలో మీ రిమ్ము లేకపోతే ఆ మాట అక్కడితో వదిలేయండి. నా వరకైతే మీ వాడకానికి 100/90 దాటాల్సిన అవసరమే కనిపించడం లేదు.

సైజు తర్వాత దాని పక్కనే ఉండే చిన్న అంకె చూడాలి, కొనేవాళ్లలో దాన్ని చూసేవాళ్లు చాలా తక్కువ. మీ పాత టైర్ మీద 55పి అని ఉంటుంది చూడండి. 55 అంటే ఆ టైర్ నిండు గాలితో 218 కిలోలు మోయగలదని. పి అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. మీ బండి బరువే దగ్గర దగ్గర 150 కిలోలు. మీరు, మీ ఆవిడ, పాప కలిసి ఇంకో 150 అనుకుందాం. మొత్తం 300లో వెనక చక్రం మీదే 190, 200 కిలోల దాకా పడుతుంది. సంచీలు తగిలిస్తే ఇంకా పెరుగుతుంది. అంటే ఆదివారం ప్రయాణంలో మీ టైర్ దాదాపు తన హద్దు దగ్గర పనిచేస్తోంది. 55 కన్నా తక్కువ అంకె ఉన్న టైర్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి. ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు.

ఆ తర్వాత తయారైన తేదీ. సైడ్‌వాల్ మీద, అంటే టైర్ పక్క భాగం మీద, ఒక కోడిగుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3224 అని ఉంటే 2024లో 32వ వారం, అంటే ఆగస్టులో చేసిందని అర్థం. ఏడాది లోపుది దొరికితే మేలు. నీడలో నిలబెట్టి దాచిన టైరైతే ఏడాదిన్నర దాకా పర్వాలేదు. మన ఎండల్లో షాపు బయట కొక్కేనికి వేలాడదీసిన టైర్‌ని మాత్రం ముట్టుకోకండి, తేదీ కొత్తదైనా సరే. ఎండ, వేడి రబ్బరుని గట్టిపరుస్తాయి. బొటనవేలి గోరుతో గాటు అంచున నొక్కి చూడండి. మంచి రబ్బరు కాస్త లొంగి మళ్లీ లేస్తుంది. సైడ్‌వాల్‌ని వంచి చూస్తే సన్నటి వెంట్రుక పగుళ్లు ఉండకూడదు. ఐఎస్ఐ గుర్తు, దానితో ఐఎస్ 15627 అనే నంబరు ఉండాలి. రెండు చక్రాలు, మూడు చక్రాల బండ్ల టైర్లకి ఉన్న భారతీయ ప్రమాణం అది. రీబటన్ చేసినవీ (అరిగిన టైర్‌కి పైన కొత్త రబ్బరు అతికించినవి), సెకండ్‌హ్యాండ్‌వీ బైకుకి ఏ ధరకీ వద్దు.

ఇక కంపెనీ. మీరు దీన్ని మొదటి ప్రశ్నల్లో అడిగారు, నేను కావాలనే వెనక్కి నెట్టాను. ఎమ్మారెఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, జేకే, మిషెలిన్ లాంటి పేరున్నవాటిలో ఏదైనా సరైన సైజు, సరైన లోడ్ అంకె, కొత్త తేదీతో దొరికితే మీకు సరిపోతుంది. ఒకే కంపెనీలో కూడా ఒక్కో మోడల్‌కి రబ్బరు వేరు. మెత్తటి రబ్బరు తడి రోడ్డు మీద బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ రోజులు వస్తుంది, వాన పడ్డప్పుడు బ్రేక్ వేస్తే కాస్త జారుతుంది. అందుకే "ఏ కంపెనీ" అని కాకుండా "నా తిరుగుడికి ఏ మోడల్" అని అడగాలి.

మీ తిరుగుడు చూద్దాం. నరసరావుపేట నుంచి గుంటూరుకి సుమారు 45 కిలోమీటర్లు. రానూ పోనూ 90. నెలకి పాతిక రోజులంటే 2,250, ఏడాదికి 27,000 కిలోమీటర్లు. ఈ తరహా బండికి వెనక టైర్ మామూలుగా 20 వేల నుంచి 30 వేల మధ్య వస్తుంది. అంటే మీకు ఏడాదికో వెనక టైర్ పడుతుంది, ఈ ఖర్చు ముందే అనుకుని పెట్టుకోండి. ఇలా తిరిగేవాళ్లు రేసు బండ్ల తరహా మెత్తటి టైర్ వేస్తే ఏడు, ఎనిమిది నెలల్లోనే మళ్లీ షాపుకి రావాలి. అలాగని ఎంతకీ అరగని మొండి రబ్బరు వేస్తే వానాకాలంలో లారీ వెనక సడెన్ బ్రేక్ వేయాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. మధ్యరకం రోడ్డు టైర్ తీసుకోండి. గాట్లు మధ్యలో కూడా లోతుగా ఉండి, అక్కణ్నుంచి పక్కలకి నీళ్లు పోయే దారి ఉన్న డిజైన్ చూడండి.

మూడు కిలోమీటర్ల రేగడి కోసం మట్టి రోడ్ల టైర్ కొనాలా అంటే అక్కర్లేదు. తడిసిన రేగడి ఎలాంటి గాటులోనైనా ఇరుక్కుని రెండు నిమిషాల్లో టైర్‌ని నున్నగా చేసేస్తుంది. దాన్ని విదిలించాలంటే పెద్ద పెద్ద దిమ్మెలు దూరం దూరంగా ఉన్న టైర్ కావాలి. అలాంటిది రోజూ 90 కిలోమీటర్ల తారు రోడ్డు మీద నడిపితే మోత వస్తుంది, దిమ్మెలు వంకరగా అరుగుతాయి, తడి తారు మీద పట్టు తక్కువ. మామూలు రోడ్డు టైర్‌తోనే వెళ్లండి. వాన పడ్డ ఆదివారం మెత్తటి గుంతల దగ్గర పిల్లనీ ఆవిడనీ దించి, బండిని మొదటి గేరులో దాటించండి. అక్కడ కాళ్లు ఆనించి నడపడం కన్నా మంచి ఉపాయం ఏ టైర్‌లోనూ లేదు.

ట్యూబ్‌లెస్ గురించి ఒక్క మాట. అలాయ్ చక్రం మీద ట్యూబ్‌లెస్ టైరే వేసుకోండి, లోపల ట్యూబ్ వేయనివ్వకండి. గాలి దిగుతోందంటే కొంతమంది ట్యూబ్ పెట్టి చేతులు దులుపుకుంటారు. గాలి దిగడానికి కారణం రిమ్ము వంకర పోవడమో, బీడింగ్ కూర్చునే చోట తుప్పు, పాత రబ్బరు అంటుకుని ఉండడమో, వాల్వ్ ఎండిపోవడమో అయి ఉంటుంది. ట్యూబ్ వేస్తే ఆ జబ్బు కనపడకుండా పోతుంది, కానీ టైర్, ట్యూబ్ రాసుకుని వేడెక్కుతాయి. మేకు దిగితే మెల్లగా దిగాల్సిన గాలి ఒక్కసారిగా పోతుంది. పుల్లల చక్రాల బండ్ల సంగతి వేరు, అక్కడ పుల్లల మూతుల్లోంచి గాలి పోతుంది కాబట్టి వాటిలో చాలావాటికి ట్యూబ్ తప్పదు.

ఇప్పుడు మీరు తేలిగ్గా అడిగిన ముందు టైర్ దగ్గరికి వద్దాం. నాకు వెనకదాని కన్నా దాని మీదే ఎక్కువ బెంగగా ఉంది. కంపెనీ నుంచి వచ్చిందే అంటున్నారు, అంటే 2017 చివర్లోనో 2018లోనో తయారైంది. గాట్లు మిగిలి ఉండొచ్చు, రబ్బరు మాత్రం ఎన్నో ఎండాకాలాలు చూసింది. మీ వెనక టైర్ అరిగి పోయింది, ముందుది వయసుతో పోయింది. రెండోది కంటికి కనిపించదు, అందుకే ప్రమాదం. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకి తూలుతుంది. బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రమే చేస్తుంది. వెనక టైర్ జారితే చాలాసార్లు బండి కాస్త ఊగి మళ్లీ చేతికి వస్తుంది. ముందుది జారితే సర్దుకునే సమయమే ఉండదు.

అందుకే ఐదేళ్లు దాటిన టైర్‌ని ఏటా చూపించాలి, మన ఎండల్లో ఆరేళ్లకి మార్చేయాలని నేను చెప్తుంటాను. మీది ఆ గీత దాటేసింది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, గాట్ల అడుగున టార్చి వేసి చూడండి. పగుళ్లు పైన కన్నా అడుగునే ముందు కనిపిస్తాయి. ముందు టైర్ మీద అరచేయి ఒక వైపుకి నిమిరి, మళ్లీ ఎదురు వైపుకి నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే అది మెట్లు మెట్లుగా అరుగుతోందని అర్థం. అప్పుడు గాలి, ఫోర్కు, హ్యాండిల్ బేరింగులు కూడా చూపించాలి. దానికి మీ పాత సైజు 80/100-17 అయితే అదే వేయించండి, లావు లెక్క ఇక్కడా అంతే.

ఈ నెల ఒక్క టైర్‌కే డబ్బులు సరిపోతాయంటే ఏది ముందు? వెనక టైర్ గాట్ల మధ్యలో అక్కడక్కడా చిన్న గట్టులు ఉంటాయి. సైడ్‌వాల్ పైభాగంలో టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న త్రికోణమో వాటి చోటు చూపిస్తుంది. టైర్ ఆ గట్టుతో సమానంగా అరిగిందంటే 0.8 మిల్లీమీటర్లే మిగిలింది, అక్కడితో దాని పని అయిపోయినట్టే. మీరు నున్నగా అయిందంటున్నారు కాబట్టి అది దాటిపోయి ఉంటుంది, వెనకది ఈ వారమే మార్చండి. ముందుది వచ్చే జీతానికి. ఈ లోపు ఆదివారం ప్రయాణాలు బస్సులో చేయండి. ముందు టైర్‌కి పగుళ్లు గానీ, సైడ్‌వాల్ మీద ఉబ్బు గానీ కనిపిస్తే వచ్చే నెల దాకా కూడా ఆగకండి, అప్పు చేసైనా రెండూ ఒకేసారి మార్చండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు తీసుకోండి, అందులో ఆ 18 శాతమే ఉందో లేదో చూసుకోండి. వారంటీ కోసం కూడా ఆ బిల్లే కావాలి.

బిగించే పని దగ్గర మీరు పక్కనే నిలబడండి. మెషిన్ ఉన్న షాపుకే వెళ్లండి. గునపాల్లాంటి లివర్లతో కొట్టి తీస్తే అలాయ్ అంచు దెబ్బతింటుంది, గాలి అక్కడ్నించే దిగడం మొదలవుతుంది. పాత వాల్వ్ తీయించి కొత్తది వేయించండి, చాలా తక్కువ ఖర్చు. టైర్ మీద తిరిగే దిక్కు చూపే బాణం ఉంటుంది, అది బండి ముందుకి వెళ్లే వైపు ఉండాలి. పసుపు చుక్క ఉంటే అది టైర్‌లో తేలికైన చోటు, దాన్ని వాల్వ్ దగ్గరికి తెచ్చి ఎక్కించాలి. గాలి కొట్టాక రిమ్ము అంచుని ఆనుకుని టైర్ చుట్టూ ఒక సన్న గీత కనిపిస్తుంది. రిమ్ముకీ ఆ గీతకీ మధ్య దూరం చుట్టూతా ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి పోయిందంటే బీడింగ్ సరిగా కూర్చోలేదు, గాలి తీసి సబ్బు నీళ్లు రాసి మళ్లీ ఎక్కించమనండి. అలాగే రోడ్డెక్కితే బండి ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది.

వెనక చక్రం బయటికి వచ్చింది కాబట్టి హబ్బులో ఉండే రబ్బర్లు కూడా చూడమనండి. అవి నలిగిపోతే గేరు వేసినప్పుడల్లా కుదుపు వస్తుంది. బేరింగ్‌లో వేలు పెట్టి తిప్పండి, గరగరలాడితే మార్చేయండి, మళ్లీ చక్రం విప్పే ఖర్చు తప్పుతుంది. తిరిగి బిగించేటప్పుడు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) రెండు వైపులా ఉన్న చైన్ అడ్జస్టర్ గీతలు ఒకే గుర్తు దగ్గర ఉండాలి. అవి తేడాగా ఉంటే చక్రం వంకరగా కూర్చుని కొత్త టైర్ ఒక పక్కే అరుగుతుంది. డ్రమ్ బ్రేక్ ప్లేటుని పట్టుకునే రాడ్డు నట్టు, దాని పిన్ను పెట్టారో లేదో మీ కళ్లతో చూసుకోండి. హడావుడిలో వదిలేసేది ఆ పిన్నునే.

గాలి ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కరికి 28, ఇద్దరు ఎక్కితే 32. ఇది బండి కదలక ముందు, టైర్ చల్లగా ఉన్నప్పుడు చూడాల్సిన లెక్క. ఇంటి నుంచి వచ్చిన వేడి టైర్‌తో బంకులో చూస్తే రెండు మూడు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకండి. బంకుల మీటర్లు ఒకదానికొకటి కలవవు. చిన్న గేజ్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి, వారానికోసారి పొద్దున్నే చూడండి. మీ పాత టైర్ మధ్యలోనే అరిగింది, పక్కలు మిగిలాయి. తిన్నని రోడ్డు ఒక కారణం. గాలి ఎప్పుడూ ఎక్కువ కొట్టించడం ఇంకో కారణం కావచ్చు, ఆదివారం 32 కొట్టించి వారమంతా అలాగే ఒక్కరే తిరుగుతున్నారేమో చూసుకోండి. నైట్రోజన్ కోసం డబ్బులు పెట్టక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది.

కొత్త టైర్ పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా బ్రేక్ వేయకుండా, వంపుల్లో ఎక్కువ వంచకుండా నడపండి, అంటే మీ లెక్కలో రెండు రోజులు. ఆ రెండు రోజులూ వాన లేకుండా చూసుకుంటే ఇంకా మంచిది. షాపులో మెరుపు కోసం టైర్‌కి పాలిష్ రాస్తామంటే వద్దనండి, రోడ్డుకి ఆనే చోటికి అది చేరితే బండి జారుతుంది. ఆ 150 అయ్యాక ఒకసారి ఆగి చైన్ వదులు, యాక్సిల్ నట్టు బిగువు మళ్లీ చూపించండి.